నీళ్లు చూసి వండండి: పశ్చిమ ప్రకాశం ఇళ్లకు తిండి చిట్కాలు

ఆరోగ్యంగా తినడం గురించి పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు పట్నం ఇళ్ల కోసం రాసినవే. ఓట్స్ తినండి, గ్రీన్ టీ తాగండి, రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగండి అంటారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, కనిగిరి వైపు ఇళ్లకు ఆ మాటలు సరిపోవు. ఎనిమిది గ్లాసులు తాగమంటే ఇక్కడ ముందు అడగాల్సింది, ఏ నీళ్లు అని. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును డాక్టర్లు మొట్టమొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోవే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు ఇవన్నీ ఒక చోటికి చేరాయి. జిల్లా మారింది గానీ నేల కింద రాయి మారలేదు.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. తిండిలో కాల్షియం, సి విటమిన్, మాంసకృత్తులు తక్కువైన ఒంటికి దాని దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో ఏం తినాలన్నది నీళ్లను చూసుకునే తేల్చుకోవాలి. కింద చెప్పినవన్నీ ఆ లెక్కతో రాసినవే. ఖరీదైనవి తక్కువ. చాలావరకు మన చేలోనో, నల్లమల అంచునో దొరికేవే.

1. బోరు నీళ్లు పరీక్ష చేయించండి. రుచిని నమ్మొద్దు.

ఫ్లోరైడ్‌కు రంగు, వాసన, రుచి ఏవీ లేవు. "మా బోరు నీళ్లు ఎంత తియ్యగా ఉంటాయో" అని మురిసిపోయే ఇంట్లోనే పిల్లల పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనబడతాయి. నిజానికి సున్నం తక్కువగా ఉండి తేలిగ్గా, తియ్యగా అనిపించే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండే అవకాశం ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే.

గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలు ఉన్నాయి. నీళ్లు ఎలా ఇవ్వాలో ఊరి సచివాలయంలో అడగండి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మోటారు వేసి అయిదు నిమిషాలు నీళ్లు వదిలేయండి. ఆ నీళ్లతోనే సీసాను రెండుసార్లు తొలిచి, నిండా పట్టి, మీ పేరు, తేదీ, బోరు ఎక్కడుందో రాసి అంటించండి. పక్కింటి బోరు ఫలితం మీ బోరుకు వర్తించదు. ఒకే వీధిలో రెండు బోర్లకు తేడా ఉంటుంది. ఎండాకాలంలో నీళ్లు కిందికి దిగినప్పుడు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూపిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

2. తాగడానికే కాదు, వంటకూ మంచినీళ్లే వాడండి.

ఈ జాబితాలో ఒక్క చిట్కానే పాటించగలరంటే ఇది పాటించండి. చాలా ఇళ్లలో క్యాన్ నీళ్లు తాగడానికి, బోరు నీళ్లు వంటకు అని పంచుకుంటారు. మనకు వాడుక నీళ్లు వేరు, మంచినీళ్లు వేరు అన్న అలవాటు పాతదే కాబట్టి అది సహజంగానే అనిపిస్తుంది. కానీ అన్నం ఉడికేటప్పుడు గ్లాసు బియ్యం రెండు గ్లాసుల నీళ్లు తాగుతుంది. పప్పులో పోసిన నీళ్లు పప్పులోనే ఉంటాయి. చారు, పులుసు, రాగి జావ, టీ అన్నీ నీళ్లే. తాగే గ్లాసు దగ్గర ఆపిన ఫ్లోరైడ్ అన్నం గిన్నెలోంచి ఒంట్లోకి వచ్చేస్తుంది.

కాచితే పోతుందన్న నమ్మకం మరీ ప్రమాదం. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతుంది. రాగి బిందెలో పోసినా, కుండలో పోసినా, గుడ్డలో వడగట్టినా పోదు.

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లని ఇలాంటి ఊళ్లకు ప్రభుత్వం లెక్క వేస్తుంది. అంటే నలుగురున్న ఇంటికి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. అన్ని కొనలేని రోజు వరుస ఇలా పెట్టుకోండి: ముందు తాగడానికి, తర్వాత అన్నం, పప్పు, జావ, చారు వండటానికి. బియ్యం కడగడానికి, కూరగాయలు కడగడానికి, గిన్నెలు తోమడానికి బోరు నీళ్లు వాడొచ్చు. బియ్యం నానబెట్టేటప్పుడు మాత్రం మంచినీళ్లే పోయండి.

వాటర్ ప్లాంటులో మీటరు పెట్టి అంకె చూపిస్తే సంతృప్తి పడొద్దు. ఆ మీటరు చూపేది నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. ఫ్లోరైడ్ పరీక్ష రిపోర్టు ఉందా, ఎప్పటిది, నీళ్లు వడగట్టే పొర ఎప్పుడు మార్చారు అని అడగండి. డబ్బిచ్చి కొంటున్నవాళ్లకు అడిగే హక్కుంది.

వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. డాబా ఉన్నవాళ్లు మొదటి రెండు మూడు వానలకు పైకప్పు కడిగిపోనిచ్చి, తర్వాతి వానల నీళ్లను మూత ఉన్న ట్యాంకులోకి పట్టుకుంటే కొన్ని వారాల వంటకు సరిపోతాయి. క్రిములుంటాయి కాబట్టి వాటిని కాచే వాడాలి.

3. పసిబిడ్డకు తల్లిపాలే.

ఈ ప్రాంతపు తల్లులందరికీ చేరాల్సిన మాట ఒకటుంది. తల్లి బోరు నీళ్లు తాగినా, ఆమె పాలలోకి దిగే ఫ్లోరైడ్ చాలా తక్కువ. అదే డబ్బా పాలపొడిని బోరు నీళ్లలో కలిపి పట్టిస్తే, ఆ నీళ్లలో ఉన్నదంతా బిడ్డ కడుపులోకి పోతుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేం వద్దు, నీళ్లు కూడా. ఆ తర్వాత పెట్టే మెత్తటి అన్నం, పప్పుకట్టు, జావ మంచినీళ్లతోనే కాయాలి.

నల్లమల తేనె ఎంత మంచిదైనా ఏడాది లోపు బిడ్డ నాలుక మీద రాయకండి. పసివాళ్ల పేగులు తట్టుకోలేని ఒక రకం క్రిమి బీజాలు తేనెలో ఉండే వీలుంది. పెద్దలు చెప్పారని పుట్టగానే తేనె నాకించే ఆచారాన్ని ఇక మానుకోవాలి.

4. పప్పు ఉడకలేదని సోడా వేయకండి.

"ఈ నీళ్లకు పప్పు ఉడకదమ్మా" అన్న మాట మన ఆడవాళ్ల నోట వింటూనే ఉంటాం. నీళ్లలో సున్నం పాలు ఎక్కువైతే పప్పు గింజ గట్టిపడుతుంది, నిజమే. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది గానీ బి విటమిన్లు దెబ్బతింటాయి, ఉప్పు చాలదన్నట్టు సోడియం ఇంకా పెరుగుతుంది. కందిపప్పు గంటసేపు, శనగలు, అలసందలు రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి వండండి. చింతపండు, టమాటా, ఉప్పు పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే ఏ నీళ్లలోనైనా పప్పు త్వరగా ఉడకదు.

5. చింతపండుకు చోటివ్వండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు తిండితో కలిపి ఇచ్చి చూశారు. 2002లో అచ్చైన ఆ పరిశోధనలో, మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగినట్టు తేలింది. పది గ్రాములంటే చిన్న ఉసిరికాయంత. పచ్చి పులుసు, చారు, పులగూర, చింతచిగురు పప్పు తినే ఇంట్లో అది ఇట్టే వస్తుంది. మన పెద్దల వంటలో పులుపు ఊరికే లేదు. అయితే చింతపండు తింటున్నాం కదా, బోరు నీళ్లు తాగొచ్చు అనుకోకూడదు. ఇది ఆసరా మాత్రమే, మందు కాదు. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి.

6. రోజూ కాల్షియం లెక్క చూసుకోండి.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో ఇది మరీ ముఖ్యం. తిండిలోని కాల్షియం పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది, ఎముకకు కావలసిన బలం కూడా ఇస్తుంది. పాలు కొనే శక్తి లేదని దిగులు పడక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నువ్వుల్లోనైతే వందకు వెయ్యి పైనే. పచ్చి మునగాకులో వందకు 300 పైన. రోజూ ఒక రాగి సంకటి ముద్ద, రెండు చెంచాల నువ్వులు, రెండు గ్లాసుల మజ్జిగ, గుప్పెడు మునగాకు పడితే లెక్కలో సగం పైగా వచ్చేస్తుంది.

మునగాకు ఆషాఢానికే పరిమితమైపోయింది. పెరట్లో కొమ్మ నాటితే కొన్ని నెలలకే కోతకొస్తుంది, నీళ్లు కూడా పెద్దగా అడగదు. దీన్ని పొడి చేసి పెట్టుకుంటే ఏడాదంతా ఉంటుంది. ఆకు దూసి, కడిగి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగుతో పాటు సత్తువా పోతుంది. గలగలలాడేలా ఆరిన ఆకు రెండు గిన్నెలు, నువ్వులు అర గిన్నె, కందిపప్పు అర గిన్నె, ఎండుమిర్చి ఎనిమిది, జీలకర్ర ఒక చెంచా. పప్పు, నువ్వులు, మిర్చి విడివిడిగా సన్నసెగ మీద వేయించండి. ఆకును మాత్రం పొయ్యి కట్టేసిన మూకుడులో అలా తిప్పి తీసేయండి. కొంచెం చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తక్కువ ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా దంచండి. వేడన్నంలో మొదటి ముద్ద ఇదే కావాలి. పిల్లలకు చేదనిపిస్తే నువ్వులు ఇంకాస్త పెంచండి.

పాలకూర, తోటకూర, గోంగూర మంచివే. కానీ కాల్షియం కోసం వాటి మీద ఆధారపడొద్దు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. మునగాకు, మెంతికూర, కరివేపాకు ఈ విషయంలో మెరుగు.

7. పాలకేంద్రానికి పోసేముందు ఇంట్లో గ్లాసు ఉంచండి.

రెండు బర్రెలున్న ఇంట్లో పిల్లలు పాలచుక్క ఎరగకుండా పెరగడం చూస్తుంటే బాధేస్తుంది. పాల డబ్బుతోనే బియ్యం, ఫీజులు గడవాలి, ఆ ఇబ్బంది తెలియనిది కాదు. అయినా ఒక్కో పిల్లకు గ్లాసు చొప్పున ముందు పక్కన పెట్టి, మిగిలింది క్యానులో పోయండి. గ్లాసు గేదె పాలలో 200 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పాలు తాగని పిల్లలకు పెరుగు, మజ్జిగ ఇవ్వండి. వెన్న తీసిన మజ్జిగలో కాల్షియం ఎక్కడికీ పోదు.

8. జొన్నల విషయంలో ఒక్క జాగ్రత్త.

చిరుధాన్యాలు మంచివి అంటున్నారు, 2023ను ఐక్యరాజ్యసమితి వాటి సంవత్సరంగానే జరిపింది. మన వైపు చేలకు ఇవి కొత్తేం కాదు. సజ్జ, కొర్ర, వరిగ, ఆరిక, జొన్న తిన్న ఇళ్లే ఇవన్నీ. అయితే జాతీయ పోషకాహార సంస్థ 1970ల్లో చేసిన పరిశోధనల్లో, వరి అన్నం తిన్నవారి కంటే జొన్న తిన్నవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచినట్టు కనిపించింది. కాబట్టి బోరు నీళ్లే దిక్కైన ఊళ్లో రెండు పూటలా జొన్నరొట్టె మీదే బతకొద్దు. ఒక పూట చాలు, దాంతో పెరుగో మజ్జిగో ఉండాలి. మిగతా పూటలకు రాగి, సజ్జ, కొర్ర మార్చుకోండి. సాగర్ నీళ్లు అందే ఊళ్లకు, నీళ్ల పరీక్షలో ఫ్లోరైడ్ తక్కువని తేలిన ఇళ్లకు ఈ భయం అక్కర్లేదు, నిశ్చింతగా తినండి.

సజ్జపిండిలో నూనె పాలు ఎక్కువ, వారం దాటితే చేదెక్కుతుంది. కిలోల కొద్దీ పట్టించకుండా నాలుగు రోజులకు సరిపడా పట్టించుకోండి. పిండిలో మరిగే నీళ్లు పోసి కలిపితే రొట్టె విరగదు. ఇక కొర్రలు కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసేవి వదిలేసి కాస్త పసుపు, మట్టి రంగులో ఉన్నవి చూసుకోండి. మెరుపు కోసం పై పొర తీసేస్తే పీచు, ఇనుము దాంతోనే పోతాయి.

9. పిల్ల బలపాలు కొరుకుతుంటే తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దని తెలుగు పిల్లలు ఒకప్పుడు తక్కువ. ఆ పలకతో పాటు బలపమూ ప్రతి ఇంటికీ వెళ్లింది, బలపం నమిలే అలవాటూ వెళ్లింది. మట్టి, బలపం, సుద్ద, పచ్చిబియ్యం తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందన్న గుర్తు. ఎదిగే ఆడపిల్లల్లో, గర్భిణుల్లో ఇది ఎక్కువ. సిగ్గుపడి దాచుకుంటారు, ఇంట్లోవాళ్లు చెడ్డ అలవాటని కొడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అయిదేళ్ల లోపు పిల్లల్లోనైతే 63.2 శాతం. ఇంత మందిలో ఉన్న కొరతను అలవాటు అని కొట్టిపారేయడం అన్యాయం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించండి. నులిపురుగుల మాత్ర ఆర్నెల్లకోసారి బడిలో, అంగన్‌వాడీలో ఇస్తారు, తప్పించుకోనివ్వకండి. ఇనుము మాత్ర వేసుకుంటే నల్లటి విరేచనం అవుతుందని భయపడి పారేసేవాళ్లున్నారు. అది మామూలే. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ, కాఫీ వద్దు. కాల్షియం మాత్రకు, ఇనుము మాత్రకు మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, లేకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

తిండిలోనైతే సజ్జలు, ఉలవలు, అలసందలు, మునగాకు, నువ్వులు. మాంసం తినేవాళ్లకు కాలేయం. వీటిలో ఏది తిన్నా పక్కన నిమ్మచెక్క పిండుకోండి. సి విటమిన్ తోడైతే ఆకుల్లో, గింజల్లో ఉన్న ఇనుము రక్తానికి ఎక్కువగా అందుతుంది.

10. రేషన్ బియ్యంలో తేలే గింజలు ప్లాస్టిక్ కాదు.

కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వందకు ఒకటి చొప్పున కలిపిన బలవర్ధక గింజలవి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో చేస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ గింజలను ఏరి పారేస్తే ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు రావలసిన ఇనుమునే పారేసినట్టు. రెండుసార్లు మించి కడగొద్దు, గంజి వార్చొద్దు. తలసీమియా, సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే తినాలి.

11. టీ తగ్గించండి.

తేయాకు చెట్టు మట్టిలోంచి ఫ్లోరైడ్‌ను లాక్కుని ఆకులో దాచుకుంటుంది. పైగా ఆ ఆకును కాచేది మన బోరు నీళ్లతో. రోజుకు అయిదారు టీలు తాగే కూలి మనిషికి రెండు వైపులా దెబ్బే. రెండింటికి మించకుండా చూసుకోండి, చిన్నపిల్లలకు అసలు వద్దు. పొలానికి వెళ్లేటప్పుడు మజ్జిగ సీసా పెట్టుకోండి. నల్లమల నన్నారితో చేసిన షర్బత్ వేసవిలో హాయినిస్తుంది, కానీ సీసాలో కొనే పాకంలో ఎక్కువ పాలు పంచదారే. వేళ్లు దొరికితే నలగ్గొట్టి నీళ్లలో నానబెట్టుకుని కొద్దిగా బెల్లంతో తాగడం మేలు.

12. పప్పు నీళ్లలా వద్దు. ఉలవలను ఎద్దులకే వదిలేయొద్దు.

కంది పండే నేలలో పప్పుచారు పలచబడటం బాధాకరం. ధర పెరిగినప్పుడల్లా పప్పు తగ్గించి చింతపండు నీళ్లు పెంచుతాం. పప్పు, గుడ్డు, మాంసం కలిపి రోజుకు 85 గ్రాములు ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనిషికి పూటకు గుప్పెడు ఎండు పప్పు వేస్తేనే ఆ దరిదాపుల్లోకి వస్తాం. కంది ఖరీదైన నెలల్లో ఉలవలు, అలసందలు, పెసలు వాడండి. ఉలవలు రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తిస్తే సాయంత్రానికి గుగ్గిళ్లు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు పది రూపాయల ప్యాకెట్ కంటే ముందు ఇది చేతికి అందాలి. వేయించిన శనగలు, బొరుగులు, వేరుశనగ ఉండ కూడా అంతే మేలు.

బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఎవరికిచ్చారో వారే తినాలి. గర్భిణి ఇంటికి తెచ్చుకున్న గుడ్లు నలుగురూ పంచుకుంటే ఆమెకు ఒకటీ మిగలదు. అత్తలు, ఆడబిడ్డలు ఈ ఒక్క విషయంలో ఆమె పక్షాన నిలబడాలి.

13. ఉసిరి, సీతాఫలం, జామ: కాలం చూసి కొనండి.

దోర్నాల దగ్గర, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే అడవి దారిలో చెంచులు బుట్టల్లో పెట్టుకుని అమ్మే సీతాఫలాలు, ఉసిరికాయలు కొనండి. దూరం నుంచి మైనం పూసుకుని వచ్చే యాపిల్ కంటే అవి చవక, తాజా. ఉసిరి కార్తీకంలో పుష్కలంగా వస్తుంది. ముక్కలు చేసి కొద్దిగా ఉప్పుతో ఎండబెట్టి దాచుకుంటే ఎండాకాలం దాకా పనికొస్తాయి. సి విటమిన్ కొంత పోయినా కొంత నిలుస్తుంది. పండ్లు రోజుకు వంద గ్రాములు చాలు. ఒక జామకాయతో సరి.

14. ఉప్పు, నూనె.

చినగంజాం కళ్లుప్పు ఊరగాయలకు బాగుంటుంది. రోజువారీ వంటకు అయోడిన్ ఉప్పే వాడండి, అది కూడా మనిషికి రోజుకు అయిదు గ్రాముల లోపు. పచ్చడి, వడియం, అప్పడం ఉన్న పూట కూరలో ఉప్పు తగ్గించండి. ఆరోగ్యమని చెప్పి అమ్మే నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ ప్రాంతానికి అది వద్దు. నూనె మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు దాటితే ఎక్కడో పొంగుతోందని అర్థం.

15. వలస వెళ్లేవాళ్లు వంటింటిని నింపి వెళ్లండి.

పంట పోయిన ఏడు హైదరాబాదుకో, బెంగళూరుకో, గుంటూరు మిర్చి కోతలకో వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. ఆ పెద్దవాళ్లకు రోజూ కూర వండే ఓపిక ఉండదు. చారన్నం, పచ్చడన్నం, బిస్కెట్లతో రోజులు గడుస్తాయి. వెళ్లేముందు కందిపొడి, మునగాకు పొడి, రాగిపిండి, నువ్వుల ఉండలు, వేయించిన శనగలు డబ్బాల్లో పోసి వెళ్లండి. క్యాన్ నీళ్లు తెచ్చే అబ్బాయికి నెల డబ్బు ముందే ఇవ్వండి. గుడ్లు ఉడకబెట్టడం పదేళ్ల పిల్లకూ నేర్పొచ్చు. ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని అడిగి ఆగకుండా "ఏం తిన్నావు, ఏ నీళ్లు తాగావు" అని అడగండి.

16. చక్కెర జబ్బు ఉన్నవారికి.

రాగి జావ తాగితే షుగర్ రాదన్న మాట నిజం కాదు. పిండిని పలచగా కాచి తాగితే అది త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. సంకటి, రొట్టె, కొర్రన్నం మేలు, అదీ కూర ఎక్కువ, అన్నం తక్కువగా. ఏ ధాన్యమైనా మోతాదు దాటితే ఒకటే.

17. దుమ్ము పనికి బెల్లం మందు కాదు.

పలకల, రాళ్ల పనుల్లో రోజంతా దుమ్ము పీల్చేవారు సాయంత్రం బెల్లంముక్క తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయని నమ్ముతారు. లోపల దిగిన రాతిదుమ్మును ఏ తిండీ తీయలేదు. ముక్కుకు మాస్కు, రాయి మీద నీళ్లు చల్లడం, ఇవే కాపాడతాయి. అన్నం పని చోటికి దూరంగా, చేతులూ మొహమూ కడుక్కుని తినండి. ఆ బట్టలతో పిల్లలను ఎత్తుకోకండి. మిర్చి, పత్తి చేలకు మందు కొట్టి వచ్చినవారికీ ఇదే వర్తిస్తుంది.

18. ఒంటిని చూసుకోండి.

మోకాళ్లు వంచకుండా పాదాలను తాకగలరా? గడ్డం గుండెకు ఆనుతుందా? చేతులు చాచి, మడిచి, తల వెనుక కలపగలరా? వీటిలో ఏది చేయలేకపోయినా, మెడ, నడుము, కీళ్లు పొద్దున్నే పట్టేస్తున్నా వాతమని నూనె రాసుకుంటూ కూర్చోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఏ ఊరి నీళ్లు తాగుతున్నారో చెప్పి చూపించుకోండి. వంగిపోయిన ఎముకను వెనక్కి తేవడానికి మందు లేదు. పళ్ల మీద పడ్డ చార తోమితే పోదు. శాశ్వతపు పళ్లకు పై పొర ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపే. కాబట్టి ఏ రోజైనా ఇంట్లో మంచినీళ్లు ఒక్క క్యానే ఉంటే, ముందు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణికి ఇవ్వండి. మిగిలితేనే మనకు.